సింహాచలం మామయ్య ఎడమ చెయ్యి

మా మేనమామ సింహాచలం గారు పరమపదించారన్న వార్త నాకు మూడు ఫోన్లలో మూడు రకాలుగా చేరింది. స్నానాలగదిలో జారిపడ్డారని ఒకరన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ప్రాణం పోయిందని ఇంకొకరన్నారు. మూడో ఫోన్ మా అమ్మాయి ధరణి చేసింది. "అమ్మా, తాతయ్య. స్కూల్ ఫీల్డ్ బెంచీ మీద. ఏడున్నరకి" అని మూడు ముక్కలు చెప్పి, ఆ తర్వాత బావురుమంది. అప్పుడు నమ్మాను. అలా చెప్పడం దానికి నేర్పింది ఆయనే. "రిపోర్టు సెప్పినప్పుడు ఎవులు, ఎక్కడ, ఎప్పుడు. ముందు ఆ మూడూ సెప్పీయాల. ఏడుపు తరవాత" అనేవారు. పిల్లల్ని పరుగు పెట్టించి, తను బెంచీ మీద కూర్చుని, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, అలాగే వెళ్ళిపోయారట. నిద్రపోతున్నారనుకుని పిల్లలు ఇంకో చుట్టు పరిగెత్తారట.

నేను లెక్కల టీచర్ని. ఆ పూట క్లాసు మధ్యలో వదిలేసి, కారు తాళం కోసం సొరుగులన్నీ లాగి చూశాను. తాళం నా చేతిలోనే ఉంది. పక్క టీచర్ చెబితేగానీ తెలియలేదు. దుఃఖం రాలేదు, దిక్కు తోచలేదు. దానికి కారణం ముందే చెప్పేస్తాను, దాచుకుని రాయడం నావల్ల కాదు. ఆయన పోయేనాటికి మూడు వారాలుగా నేను మామయ్యతో మాట్లాడటం లేదు. చివరిగా నేను ఆయనతో అన్న మాట మనిషన్నవారు అనకూడనిది.

మన మలేసియా తెలుగు సంఘం పత్రికకు సంస్మరణ వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగి నెలన్నర కావస్తోంది. "నిండుగా, గంభీరంగా ఉండాలమ్మా" అన్నారు. ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు నాది. అయినా కష్టపడి 'కర్తవ్యదీక్షాపరుడు', 'నిగర్వి', 'సత్యసంధుడు' అని రాసుకున్నాను. మొదటి రెండింటికీ అడ్డు లేదు. మూడో మాట దగ్గర కలం ఆగిపోయింది. కొట్టేశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఆయన ఎటువంటివారో నెలన్నర క్రితం వరకూ నాకు బాగా తెలుసు. ఇప్పుడు తెలియదు. కార్యదర్శి గారు క్షమించాలి, నాకు తోచిన తీరులోనే రాస్తున్నాను.

తెలుక్ ఇంటాన్‌కి కొన్ని మైళ్ళ అవతల రబ్బరు ఎస్టేట్‌లో పుట్టారు సింహాచలం మామయ్య. మా తాత అక్కడ గుమాస్తా. తాత తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. మామయ్య పద్దెనిమిదో ఏట మామూలు సిపాయిగా సైన్యంలో చేరి, ఇరవై ఏళ్ళకు పైగా చాకిరీ చేసి, వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. ఆ హోదా తెలియనివారికి ఒక మాట చెప్పాలి. సిపాయిగా చేరినవాడు అక్కడిదాకా ఎక్కడమే గొప్ప. ఆ పై మెట్టు మీద నిన్నగాక మొన్న చదువు ముగించుకుని వచ్చిన అధికారి నిలబడి ఉంటాడు, వాడికి ఈయన సెల్యూట్ కొట్టాలి. "కోపమొచ్చేదా మావయ్యా?" అని ఒకసారి అడిగాను. "కోపమెందుకే? ఆడి సెయ్యి సక్కగా లేస్తే నాకు సంతోసమే. వంకరగా లేపితేనే ఒళ్ళు మండేది" అన్నారు. ఆ చేతులు చక్కగా లేచేలా చూడటమే ఆయన మలివయసు వ్రతమైంది.

రక్షణ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివిస్తూనే సైన్యాధికారిగా తీర్చిదిద్దే స్కాలర్‌షిప్ ఒకటుంది. దేశం నలుమూలల నుంచీ పిల్లలు పోటీపడతారు. తీసుకునేది కొద్దిమందిని. మన పిల్లలకు దాని పేరు కూడా తెలియని రోజుల్లో మామయ్య ఇంటింటికీ తిరిగి చెప్పారు. రాసే పరీక్ష, పరుగు, ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష అన్నిటికీ ఒక్క చేతిమీద తర్ఫీదు ఇచ్చేవారు. జాతిమతాలు చూసేవారు కాదు. ఫీల్డులో ఆయన వెనక పరిగెత్తిన పిల్లల్లో తెలుగువారు సగమైనా ఉండరు.

ఇప్పుడు దరఖాస్తు అంతా కంప్యూటర్లోనే. అది ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. "కంప్యూటర్ తొందరెట్టేస్తాది" అనేవారు. అందుకని ప్రతి పేజీని కాగితం మీద అచ్చు తీయించి, మూడుసార్లు పెన్సిల్‌తో రాయించేవారు. మూడుసార్లూ మూడు వేర్వేరు రోజుల్లో రాయాలి. నాలుగోసారి నల్ల ఇంకు పెన్ను. బిస్కట్ డబ్బాలో గుడ్డ చుట్టి దాచిన ఆ పెన్ను పేరు 'ఫారం పెన్ను'. దానితో రాసింది చూస్తూ కంప్యూటర్లో ఎక్కించాలి, ఒక్క అక్షరం మారకూడదు. ఒకసారి మా పైడమ్మ అత్తయ్య తెలియక ఆ పెన్నుతో సరుకుల జాబితా రాసిందని రెండు రోజులు మొహం ముడుచుకుని కూర్చున్నారు. అత్తయ్య మాత్రం ఆ జాబితా దేవుడి గదిలో పెట్టి, ఇకనుంచి దీనికే పూజ చేస్తానని ఏడిపించింది.

వరండాలో ఇంటర్వ్యూ జరిగేది. మూడు కుర్చీలు వేసేవారు. మధ్యలో మామయ్య. ఎడమవైపు పక్కింటి పాక్ చిక్ రహీం, మన మాటలో రహీం బాబాయి. ఆయన బడిలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మలయ్ పెద్దమనిషి, నవ్వడం ఎరగడు, మలయ్‌లో అడిగే ప్రశ్నలన్నీ ఆయనవే. కుడివైపు అత్తయ్య, ఒళ్ళో చేట, చేటలో బారు చిక్కుళ్ళు. అత్తయ్య అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "అన్నం తిన్నావేటి?" పరుగుకని ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు "తిన్నాను మేడం" అని ఠపీమని అనేవారు. "ఆ పెశ్నకి నిజం సెప్పినోడు తక్కువ" అని మామయ్య మార్కు తగ్గించేవారు. ఆ తర్వాత అందరికీ అన్నం పెట్టించేవారు. ఇదంతా చూసి 'సత్యసంధుడు' అని రాసుకున్నాను మరి.

ధరణికి పద్దెనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ. నేను తెలుగులో అడిగితే మలయ్‌లోనో ఇంగ్లిష్‌లోనో జవాబిస్తుంది. తాతయ్య దగ్గర మాత్రం తడుముకుంటూ, ఇక్కడివాళ్ళ అలవాటు 'లా' మాట చివర తగిలిస్తూ, తెలుగే మాట్లాడేది. దానికి ఈ స్కాలర్‌షిప్ మీద ఎప్పుడు మనసు పడిందో తల్లినై ఉండి నాకు తెలియదు. ఒకనాడు ఫీల్డులో కనిపించిందట, చివరి వరకూ పరిగెత్తిందట. మొదటి ఇంటర్వ్యూలో "సైన్యమెందుకు?" అని అడిగితే దేశసేవ కోసమంది. మామయ్య తల అడ్డంగా ఊపారు. "అది పోస్టరు మీదున్న మాట. నీ మాటేటి?"

అది నాలుగు రోజులు ఆలోచించింది. ఐదో రోజు ఆ కుర్చీల ముందు నిలబడి ఇలా అంది: "తాతయ్యా, క్లాసులో ఎక్కడికెళ్ళినా అందరూ నా వెనకే వస్తారు లా. ఎందుకొస్తారో నాకు తెలీదు. నేను తప్పు దారిలో పోతే వాళ్ళు కూడా వస్తారు కదా. అందుకే నేర్చుకోవాలి." మామయ్య లోపలికి వెళ్ళి బిస్కట్ డబ్బా తెచ్చారు. "ఇది మాత్రం పెన్సిలొద్దు, పెన్నుతోటే రాయి" అన్నారు. ఆయన తన నియమాన్ని తనే మీరడం నేను చూసింది అదొక్కసారే. ఆ రోజు నుంచి నాకూ పిచ్చి పట్టింది. నా కూతురు అధికారి కావాలి. దానికన్నా నాకే తొందర ఎక్కువైంది. పోర్ట్ క్లాంగ్‌లో పనిచేస్తూ శని ఆదివారాలకు ఇంటికొచ్చే మా ఆయన, "దరఖాస్తు పెట్టింది నువ్వా, అదా?" అని నవ్వేవాడు.

మా ఇద్దరికీ గొడవ తెచ్చిన పచ్చబొట్టు సంగతి ఇక చెప్పాలి. ధరణి ఎడమ ముంజేతి లోపలివైపు మూడు చుక్కలున్నాయి, పొయ్యి రాళ్ళలా ముక్కోణంగా. దానికి ఐదేళ్ళప్పుడు మా అమ్మమ్మ, అంటే మామయ్య తల్లి, నేను బడికి వెళ్ళిన సమయం చూసి, వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, సూదితో, దీపం మసితో, ఏదో ఆకు పసరుతో పొడిచేసింది. ఇంటికొచ్చేసరికి పిల్ల చెయ్యి వాచి ఉంది. నేను కేకలేశాను. అమ్మమ్మ చలించలేదు. పోయినప్పుడు నగలు తీసేస్తారు, బట్టలు తీసేస్తారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని, ముందు వెళ్ళినవాళ్ళు దాన్ని చూసే మనవాళ్ళని గుర్తుపడతారని ఆవిడ నమ్మకం. "మీ యమ్మ అడ్డం పడిపోయి నీకు ఎట్టనియ్యనేదు. దీన్నయినా ఒగ్గను. అక్కడ నాను దీన్ని ఎలగ గుర్తుపట్టాల మరి?" అంది. నిజమే, నా చేతిమీద ఏ చుక్కా లేదు. పట్నంలో పుట్టిన పిల్లకు ఇవన్నీ ఎందుకని మా అమ్మ పడనివ్వలేదట.

దరఖాస్తులో ఆరోగ్యం పేజీలో ఒక ప్రశ్న ఉంది. శరీరం మీద పచ్చబొట్టు ఉందా, లేదా? దాని విషయంలో చాలా పట్టుదలగా ఉంటారని మా స్కూల్లో విన్నాను. చిన్నదైతే చూసీచూడనట్టు వదిలేస్తారని ఒకరు, వెలిసిపోయినదైనా దరఖాస్తే కొట్టేస్తారని ఒకరు. ఇపో పట్నంలో లేజర్‌తో తీసేసే క్లినిక్ ఉందని తెలిసి ఫోన్ చేసి రోజు కూడా ఖాయం చేసుకున్నాను. ఆ మాట చెబుదామని మామయ్య ఇంటికి వెళ్ళాను. అప్పుడే ఇంటర్వ్యూ అయింది, కుర్చీలు ఇంకా తీయలేదు.

"సెయ్యించొద్దు" అన్నారు.

"ఏం?"

"ఒద్దు, అంతే."

"పోనీ లేదని రాయనీ మావయ్యా. వెలిసిపోయింది, పుట్టుమచ్చల్లా ఉంది. ఎవరడుగుతారు?"

"ఉన్నది ఉన్నట్టు రాయాల" అని ధరణి వైపు తిరిగి, ఫారం పెన్ను చేతికిచ్చారు. అది నా మొహమూ ఆయన మొహమూ చూసింది. 'ఉంది' అన్న గడిలో గీత గీసింది.

"పిల్లల్లేనోడివి, నీకేటి తెలుసు మావయ్యా పిల్ల బతుకంటే?" అన్నాను.

అత్తయ్య చిక్కుళ్ళు తుంచడం ఆపింది. తెలుగు రాని పాక్ చిక్ రహీం కూడా తల తిప్పుకుని వీధి వైపు చూశాడు. మామయ్య చొక్కా చేతులు కొద్దిగా పైకి మడిచి ఉన్నాయి, వాటిని కిందికి దించి గుండీలు పెట్టుకున్నారు. "సరే అమ్మి" అని లోపలికి వెళ్ళిపోయారు. ఎంత ఎండలోనైనా ఆయన వేసుకునేది పొడుగు చేతుల చొక్కాయే. అది సైన్యం అలవాటని అనుకునేవాళ్ళం.

తర్వాత మూడు వారాలూ ధరణి పరుగుకు వెళ్తూనే ఉంది. ఆయన దానితో పెరటి బెండకాయలు పంపారు. నేను వండలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన చోటే ముదిరి, ఎండిపోయాయి. తప్పు నాదని తెలుసు, వెళ్ళి ఒక మాట చెబుదామనీ ఉంది. ఆదివారం వెళ్దాం అనుకున్నాను. మంగళవారం ఫోనొచ్చింది.

ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు, ఆ మూడు కుర్చీలు వేసే చోటే. పాక్ చిక్ రహీం పొద్దున్నించీ తన కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు, పలకరిస్తే తల మాత్రం ఊపాడు. ఫీల్డులో పరిగెత్తిన పిల్లలు ఎప్పటివాళ్ళో వచ్చారు. అందులో మురళి ఒకడు. ఎస్టేట్ కూలీల లైన్లలో పుట్టి, మామయ్య దగ్గర తర్ఫీదై, ఆ స్కాలర్‌షిప్ సాధించి, ఇప్పుడు కెప్టెన్. యూనిఫాంలో వచ్చి, కాళ్ళ దగ్గర నిలబడి సెల్యూట్ చేశాడు. చెయ్యి తిన్నగా లేచింది. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు.

మురళి నా పక్కకొచ్చి, ధరణి దరఖాస్తు ఏమైందని అడిగాడు. పచ్చబొట్టు సంగతి చెప్పాను. వాడు తెల్లబోయాడు. "సార్ రాయమన్నారా? నిజంగానా అక్కా? నాకు చిన్నప్పుడు అమ్మోరి మొక్కని చెవులు కుట్టించినారు. చెవి కుట్టుంటే తీసుకోరని, సెలక్షన్ బోర్డుకు వెళ్ళేముందు సార్ పోగులు తీయించేసి, 'రంధ్రాలు పూడిపోతాయి, అడిగితే పుట్టుమచ్చని సెప్పు' అన్నారు లా. నేను అలాగే చెప్పినాను."

నేను మామయ్య మొహం కేసి చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పోయిన మనిషి మీద నాకు భగ్గుమని కోపం వచ్చింది. ఎవరి బిడ్డకో అబద్ధం నేర్పి గట్టెక్కించారు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి సత్యం గుర్తొచ్చింది. అన్నం తిన్నామా లేదా అన్నదానికి కూడా నిజమే చెప్పాలని పట్టుబట్టిన మనిషి ఎవరు, మురళికి ఆ మాట నేర్పిన మనిషి ఎవరు? ఇద్దరూ ఒక్కరెలా అవుతారో నాకు అందలేదు. ఈ కోపంతోనే ఆయన్ని సాగనంపాలా అని భయం కూడా వేసింది.

స్నానం చేయించి తెల్లచొక్కా తొడిగే వేళ అత్తయ్య నన్ను పిలిచింది. ఆయన ఎడమ చెయ్యి నా ఒళ్ళో పెట్టి, తడిగుడ్డతో తుడుస్తోంది. ముంజేతి లోపలివైపు అరచేతి అంత మేర కాలిన మచ్చ, నున్నగా, తెల్లగా. దాన్ని నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. సైన్యం వంటశాలలో నూనె పడిందన్నారు అప్పుడు. మురళి వాళ్ళకి అడవిలో నిప్పంటుకుందని చెప్పారట. రహీంగారికి నిరుడే, మోటార్‌సైకిల్ గొట్టం తగిలిందని చెప్పారట.

"ఇదేటో నీకు తెలీదేటే?" అంది అత్తయ్య. "మీ అమ్మమ్మ ఎట్టిన పచ్చబొట్టే. మూడు సుక్కలు, మన ధరణికున్నట్టే. పటాలంలో తీసుకోరేమోనని, ఎల్లబోయే ముందు, రబ్బరు పాలు పేరబెట్టే ఆసిడ్ గోదాంలోంచి తెచ్చీసి పోసీసుకున్నాడు. పనిలో కాలిందని సెప్పి సేరిపోనాడు."

అత్తయ్య చెయ్యి తుడవడం ఆపలేదు.

"ఆకర్ని మీ అమ్మమ్మకి కళ్ళు పోనాయి కదా. ఎవులొచ్చినా సెయ్యట్టుకుని తడిమేది. మీ యమ్మ సుక్కలు తడిమి, ఇది నా కూతురు అనేది. ధరణి సెయ్యి తడిమి ముద్దెట్టుకునేది. ఈన సెయ్యి తడిమితే ఏటుంటాది? నున్నగుంటాది. 'నువ్వెవులు బాబూ, నా సింవాచలం ఏడీ, ఆణ్ణి పిలండి' అనేది. 'నానేనే అమ్మా' అంటే నమ్మేది గాదు. గొంతు పట్టి కూడా పోల్చుకోనేదు. అలగే 'సింవాచలం ఏడీ' అని అడుగుతానే పోనాది. ఈన పక్కనే ఉన్నాడు."

ఆ రోజులు నాకు గుర్తున్నాయి. అమ్మమ్మకు మతి చలించిందని మేమంతా అనుకున్నాం. ఆవిడ ఆ మాట అడిగినప్పుడల్లా మామయ్య లేచి బయటికి వెళ్ళేవారు. ఏదో పనుంటుందనుకునేదాన్ని.

లెక్కల టీచర్ని కదా, వెంటనే లెక్క వేశాను. మురళిది అమ్మమ్మ పోకముందు మాట. ధరణిది తర్వాతి మాట. మధ్యలో మనిషి మారిపోయారు. సరిపోయిందనుకున్నాను. కానీ సరిపోలేదు. మారినవారైతే ఆ మచ్చ గురించి తర్వాత కూడా అందరికీ తలా ఒక కథ ఎందుకు చెప్పారు? నేను అంత మాట అన్నప్పుడు, చొక్కా చెయ్యి దించేసుకునే బదులు పైకి లాగి చూపించి ఉంటే నా నోరు మూతపడేది కదా? ఒక్క మాట చెబితే పోయేది కదా? ఎందుకు చెప్పలేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.

అత్తయ్య గుడ్డ పక్కన పడేసి, ఒక్కసారిగా ఘొల్లుమంది. "ఇప్పుడీన్ని ఆళమ్మ ఎలగ గుర్తుపడతాదే ఓలమ్మీ? అక్కడ కూడా నువ్వెవులు బాబూ అంటే ఈనేటి సెప్తాడు?"

గుమ్మం దగ్గర ధరణి నిలబడి ఉంది. దానికి ఎంత అర్థమైందో అనుకున్నాను. మొత్తం అర్థమైంది. లోపలికి వెళ్ళి బిస్కట్ డబ్బా తెచ్చింది. గుడ్డ విప్పి ఫారం పెన్ను తీసింది. తాతయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన ఎడమ చెయ్యి ఆయన చేతి పక్కన ఆనించి, కొలత చూసుకుంటూ, ఆ తెల్లటి మచ్చ మీద ఒక్కో చుక్కా పెట్టింది. నున్నటి చోట ఇంకు జారిపోతుంటే ఊదుకుంటూ, మళ్ళీ దిద్దుతూ, మూడూ పెట్టింది. "తాతయ్యా, ఓకే లా" అంది. పాక్ చిక్ రహీం తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మురళి మొహం తిప్పుకున్నాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అత్తయ్య గుండీలు పెట్టకుండా ఆ ఒక్క చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంచింది. అలాగే పంపించాం.

తర్వాత రెండు వారాలకు ధరణికి వైద్యపరీక్షకు పిలుపు వచ్చింది. కౌలాలంపూర్ దాకా నేనే తీసుకెళ్ళాను. బయటికొచ్చాక చెప్పింది. డాక్టర్ ఆవిడ మేజర్ అట. చుక్కలు చూసి, ఇదెక్కడిది అని అడిగిందట. "ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పేశానమ్మా. మా తాతమ్మ. వెనక మెట్ల మీద. ఐదేళ్ళప్పుడు." ఆవిడ ఏదో చాలాసేపు రాసి పేజీ తిప్పేసిందట. ఏం రాసిందో కనబడలేదట. తిరిగి వస్తుంటే నాకు ఎందుకో గట్టి నమ్మకం కలిగింది. సీటు వస్తుందని, వస్తే ఈ వ్యాసం ఆ శుభవార్తతో ముగించి, ఆయన మాటే నెగ్గిందని రాసి, నా తప్పుకు చెల్లు పెట్టుకోవచ్చని అనుకున్నాను.

పోయినవారం ఫలితం వచ్చింది. సీటు రాలేదు. కంప్యూటర్లో ఒక్క వాక్యం, ఈసారి ఎంపిక కాలేదని. కారణం ఇవ్వలేదు. ఫీల్డులో దానితోపాటు పరిగెత్తిన ఒక అబ్బాయికి వచ్చింది. పచ్చబొట్టు వల్లనా, ఇంటర్వ్యూ వల్లనా, పరుగులో ఒక్క క్షణం వల్లనా? చెప్పేవారు లేరు. నేను ముందే మామయ్యను దోషిని చేసి పెట్టుకున్నాను. ఇప్పుడు నిందించడానికి ఆయన లేరు, నిందించాలనీ లేదు, ఆయనే ఒప్పని అనడానికి నా దగ్గర రుజువూ లేదు.

ధరణి ఏడ్చింది, తప్పదు కదా. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "వచ్చే ఏడు మళ్ళీ పెడతాను" అంది.

నేను నేర్చుకున్నదేమీ లేదని అప్పుడు తెలిసింది. "అయితే ఈలోపల ఇపో వెళ్ళి అది తీయించేద్దాం" అని నా నోట వచ్చేసింది.

అది నా వైపు వింతగా చూసింది. మాటలు వెతుక్కుంటూ, ఒక్క మలయ్ ముక్క కూడా కలపకుండా తెలుగులోనే అంది: "తీసేస్తే తాతయ్య నన్ను ఎలా గుర్తుపడతాడు అమ్మా? ఇప్పుడు ఆయనకీ ఉన్నాయి కదా."

నిన్న అత్తయ్య ఇంటికి వెళ్ళాం. వరండాలో కుర్చీలు మళ్ళీ వేసి ఉన్నాయి. పాక్ చిక్ రహీం వచ్చి కూర్చున్నాడు. మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఎవరికీ ఆ ధైర్యం లేదు. ధరణి కొత్త కాగితాలు పరుచుకుని పెన్సిల్‌తో మొదలుపెట్టింది, మొదటిసారి. ఆరోగ్యం పేజీ దగ్గర ఆగకుండా రాసుకుంటూ పోయింది. అత్తయ్య చేట ముందు పెట్టుకుని "అన్నం తిన్నావేటే?" అని అడిగితే, "లేదు అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ మధ్య కుర్చీలో కూర్చోదగ్గ మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు. ఉంటారని కూడా నేను అనుకోను.

మావయ్యా, ఈ వ్యాసం నీ పద్ధతిలోనే రాశాను. మూడుసార్లు పెన్సిల్‌తో, మూడు వేర్వేరు రోజుల్లో. ఈ ఒక్క ముక్కా ఫారం పెన్నుతో రాస్తున్నాను, అత్తయ్య ఇచ్చింది. నువ్వెవరివో నాకు పూర్తిగా తెలియలేదు. పిల్లల్లేనోడివన్నాను. నా కూతురు నీ పోలిక చేతిమీద పెట్టుకుని తిరుగుతోంది. అమ్మమ్మ ఈసరికి నీ చెయ్యి తడిమి చూసే ఉంటుంది, చూసి నిన్ను పోల్చుకునే ఉంటుంది. ధరణిని నువ్వు పోల్చుకుంటావు. నా చేతిమీదే ఏమీ లేదు. నేను వచ్చిననాడు నన్ను గుర్తుపట్టడానికి నీ దగ్గర మిగిలింది, నేను ఆఖరున అన్న ఆ మాట ఒక్కటే. దానితో మాత్రం గుర్తుపట్టకు మావయ్యా.